అడ్మిషన్ రిజిస్టరులో ఉన్నవాళ్ళు, ఫోటోలో లేనివాళ్ళు



వార్షికోత్సవం అంటే పూర్వ విద్యార్థుల ప్రసంగాలు తప్పవు. మేమూ చాలాసార్లు మాట్లాడాం. మైకు చేతికి రాగానే మా నోటి వెంట వచ్చే మాటలు దాదాపు ఒకటే. "మా కాలంలో సాంబారులో పప్పు బద్ద కోసం వెతుక్కునేవాళ్ళం. ఒక్క దుప్పట్లో ఇద్దరం ముడుచుకుని పడుకునేవాళ్ళం. అయినా చదివాం, ఉద్యోగాలు తెచ్చుకున్నాం. మీకిప్పుడు అన్నీ ఉన్నాయి, మీకేం కష్టం?" కింద కూర్చున్న పిల్లలు చప్పట్లు కొడతారు. మేం శాలువా కప్పించుకుని దిగుతాం.

ఈ సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు ఆ ప్రసంగాన్నే కాగితం మీద పెడదామని మా బ్యాచ్ వాళ్ళం నలుగురం చిల్లకూరులో ఒక ఆదివారం కూర్చున్నాం. మేం నలుగురం మొదటి నుంచీ ఒకే హాస్టల్లో లేము. గూడూరు చుట్టుపక్కల వేర్వేరు హాస్టళ్ళలో ఉండి చివరికి ఒకచోట చేరినవాళ్ళం. ఒకరి దగ్గర పదో తరగతి వీడ్కోలు రోజున తీయించుకున్న ఫోటో ఉంది. అందులో ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ పోయాం. తర్వాత మాలో ఒకరు, "ఆరో తరగతిలో చేరినప్పుడు ఇంతమందిమేనా?" అన్నారు. కాదు. లెక్క వేసుకుంటే ఫోటోలో ఉన్నది సుమారు సగం. మిగతావాళ్ళ పేర్లు కొన్ని గుర్తొచ్చాయి, కొన్ని రాలేదు. కొందరి ముఖాలు మాత్రమే గుర్తొచ్చాయి.

అక్కడ మా ప్రసంగం ఆగిపోయింది. కష్టాలు మమ్మల్ని రాటుదేల్చాయని ఏటా స్టేజీ మీద చెబుతున్నది ఆ సగమే. కష్టాలు ఏం చేశాయో చెప్పాల్సిన మిగతా సగం స్టేజీ దాకా రాలేదు.

ఒక కుర్రవాడి సంగతి చెప్పాలి. పేరు రాయం. తీరం వైపు ఒక ఎస్టీ కాలనీ నుంచి వచ్చాడు. వాళ్ళ నాయన రొయ్యల గుంటల దగ్గర కాపలా. గుంట యజమాని దగ్గర ముందే డబ్బు తీసుకున్నారు కాబట్టి అమ్మానాయనా ఇద్దరూ గుంట గట్టు మీదే గుడిసె వేసుకుని ఉండేవాళ్ళు. చేరిన మొదటి వారం అందరం ఏడ్చాం, అందులో వింతేమీ లేదు. రెండో వారానికి మేం ఆటల్లో పడ్డాం. వాడు పడలేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు, "కడుపులో నొప్పన్నా" అని మూలకు పోయి ముడుచుకునేవాడు. ఆరెంపీ డాక్టరు మాత్రలిచ్చాడు. పగలు నొప్పి ఉండదు, ఆడుకుంటాడు, చీకటి పడితే మళ్ళీ మొదలు. "దొంగ నొప్పిరా వీడిది" అని తేల్చేశాం. తర్వాత పక్క తడపడం మొదలైంది. మేం వాడికో పేరు పెట్టాం. ఆ పేరు కూడా ఇక్కడ రాయం. మధ్యాహ్నం భోజనాల వరసలో, ట్యాంకు దగ్గర స్నానాల్లో, బడికి వెళ్ళే దారిలో అదే పేరు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. ప్రభుత్వం వాళ్ళిచ్చిన ట్రంకు పెట్టె, కంచం, గ్లాసు స్టోరు గదిలో ఆ ఏడాది చివరిదాకా ఉన్నాయి. వేసవి సెలవుల ముందు పెట్టె మీద వాడి నంబరు చెరిపి కొత్త నంబరు వేశారు.

వాడిని ఎవరూ కొట్టలేదు, ఆకలితోనూ పెట్టలేదు. అయినా వాడు వెళ్ళిపోవడంలో మా పాలు ఉంది. పాతికేళ్ళు కావస్తున్నా మాకు ఆ పెట్టె గుర్తుంది.

ఆ నొప్పి దొంగ నొప్పి కాదని మాకు తర్వాత ఎప్పుడో తెలిసింది. చేను గట్టు మీద నడుస్తుంటే పాము కనిపించిందనుకోండి. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమట పడతాయి, కడుపులో దేవినట్టవుతుంది. అడ్రినలిన్ అనే రసాయనం ఒంట్లోకి విడుదలై, పరుగెత్తడానికో ఎదిరించడానికో కాళ్ళకూ చేతులకూ రక్తం ఎక్కువ పంపుతుంది. కడుపుకు తగ్గిస్తుంది. పాము పోతే కాసేపటికి అన్నీ సర్దుకుంటాయి. ఆ భయం మన మేలుకే ఉంది. పాము రోజూ ఇంట్లోనే ఉంటే? రాత్రి నాయన తాగి వస్తాడేమోనని అడుగుల చప్పుడు వింటూ పడుకునే పిల్లవాడికి, అప్పులవాడు తలుపు కొడతాడేమోనని ఉలిక్కిపడే పిల్లవాడికి ఆ దడ ఆగదు. కార్టిసోల్ అనే మరో రసాయనం ఒంట్లో హెచ్చుగానే ఉండిపోతే నిద్ర చెడుతుంది, చదివింది గుర్తుండదు, తలనొప్పి, కడుపునొప్పి వస్తాయి. ఆ నొప్పి నిజంగానే ఉంటుంది. స్కానింగులో కనిపించకపోవచ్చు, అంతే. పెద్దవాళ్ళయితే "మనసు బాగాలేదు" అంటారు. పదేళ్ళ పిల్లవాడికి ఆ మాట రాదు. వాడికి వచ్చిన మాట "కడుపు నొప్పి."

కొందరిలో ఇది ఏడుపుగా కాకుండా కోపంగా వస్తుంది. ఊరికే కొట్లాడేవాడు, పలక విసిరేవాడు, పిలిస్తే పలకనివాడు. వీళ్ళకు మనం "మొండి" అని ముద్ర వేస్తాం. అసలు కనిపించకుండా పోయేవాళ్ళు మరో రకం. అల్లరి చేయరు, అడగరు, చెప్పిన పని చేస్తారు. "బుద్ధిమంతుడు" అని సర్టిఫికెట్ ఇచ్చి వదిలేస్తాం. మా అనుభవంలో వీళ్ళ గురించే ఎక్కువ దిగులు పడాలి. ఆడపిల్లల హాస్టళ్ళలో పనిచేసే మా సోదరీమణులు కూడా ఇదే మాట అంటున్నారు.

మన తీరం పిల్లలకు ఈ భయాలు ఎక్కడి నుంచి వస్తాయో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు సముద్రం పక్కనే పుట్టి పెరిగిన పిల్లలు కూడా ఆ తర్వాత అలల చప్పుడుకు బెదిరారు. 2015 నవంబరు వానలకు గూడూరు దగ్గర జాతీయ రహదారి మీదికే నీళ్ళెక్కి రాకపోకలు ఆగిపోయాయి. చెరువు కట్టల కింద, కాలువ గట్ల మీద గుడిసెల్లో ఉన్నవాళ్ళ గతి ఏమై ఉంటుందో ఆలోచించండి. ఆ ఏడాది మూడో తరగతిలో ఉన్న పిల్లలు తర్వాత మన హాస్టళ్ళకే వచ్చారు. వాన గట్టిగా పడిన రాత్రి వాళ్ళు నిద్రపోకపోతే "ఏందిరా, ఉప్పుతో చేశారా నిన్ను?" అని నవ్విన అన్నలున్నారు. 2020 మార్చిలో కరోనాకు హాస్టళ్ళు మూతపడి పిల్లలు నెలల తరబడి ఇళ్ళలో ఉండిపోయారు. తెరిచాక కొందరు వచ్చారు, కొందరు పనుల్లో కుదిరిపోయారు.

ఇవి పేపర్లో పడిన కష్టాలు. పేపర్లో పడనివి ఇంకా ఎక్కువ. అమ్మ వదిలేసి పోవడం, నాయన గల్ఫుకు పోయి ఫోను చేయకపోవడం, ఊళ్ళో కులం పేరుతో అందరి ముందు తిట్లు తినడం. ఈ చివరిది చిన్నదనుకునేవాళ్ళు బాబాసాహెబ్ అంబేద్కర్ చిన్ననాటి సంగతి ఒకటి చదవాలి. 1901లో ఆయనకు తొమ్మిదేళ్ళు. అన్నతోనూ అక్క కొడుకులతోనూ కలిసి, కోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్న నాన్నను చూడటానికి సతారా నుంచి రైలెక్కి మసూర్ స్టేషన్‌లో దిగారు. తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. మహర్లని తెలియగానే బళ్ళవాళ్ళు ఎక్కించుకోలేదు. చివరికి రెండింతల కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలుకునేటట్టు, తాను పక్కన నడిచేటట్టు. డబ్బాలో అన్నం ఉంది, తాగడానికి చుక్క నీరు పుట్టలేదు. దారిలో చీకటి పడి రాత్రంతా బిక్కుబిక్కుమంటూ గడిపారు. వాళ్ళు వస్తున్నట్టు రాసిన ఉత్తరం అందినా, నౌకరు దాన్ని నాన్న చేతికివ్వడం మరిచిపోయాడట. ఇదంతా ఆయన నడివయసులో, పెద్ద పెద్ద చదువులు చదివి దేశమంతా తెలిసిన నాయకుడయ్యాక, 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న పుస్తకంలో రాశారు. ఎవరు ఏమన్నారో, నీళ్ళు ఎక్కడ అడిగారో ఒక్కటీ మరువలేదు. అంబేద్కర్ అంతటి మనిషి తొమ్మిదేళ్ళప్పటి ఒక్క రాత్రిని అన్నేళ్ళు మోశారు. మన ఆరో తరగతి పిల్లవాడు రెండు వారాల్లో మరిచిపోవాలని మనం కోరుకుంటున్నాం.

"కష్టాలు పడ్డవాళ్ళే పైకొస్తారు" అనే మాటను ఎవరైనా లెక్క కట్టి చూశారా అని వెతికితే మాకు ఒక పరిశోధన సంగతి తెలిసింది. హవాయి దీవుల్లో కవాయి అనే చిన్న దీవి ఉంది. 1955లో అక్కడ పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. అందులో కొందరు పేదరికంలో, తల్లిదండ్రుల గొడవల్లో, తాగుడు, మానసిక జబ్బులు ఉన్న ఇళ్ళలో పెరిగారు. ఇలాంటి కష్టాలు ఒకదాని మీద ఒకటి పడ్డ పిల్లల్లో మూడింట రెండు వంతుల మంది పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి చదువులోనో నడవడికలోనో ఆరోగ్యంలోనో ఇబ్బందుల్లో పడ్డారు. ఒక వంతు నిలదొక్కుకున్నారు. వీళ్ళలో ఏముందని చూస్తే, ప్రతివాళ్ళకూ తమను పట్టించుకునే పెద్ద దిక్కు కనీసం ఒక్కరైనా ఉన్నారు. అమ్మమ్మో, పిన్నో, పక్కింటావిడో, టీచరో.

ఇది చదివాక మేం నలుగురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మాకూ ఉన్నారు. మాలో ఒకరికి వంటమ్మ. జ్వరం వచ్చిన రోజు తన ఇంటి నుంచి మిరియాల చారు తెచ్చి పెట్టడమే కాదు, మిగతా రోజుల్లో కూడా వడ్డిస్తూ "ఏం నాయనా, ఇవాళ మాట్లాడవే" అని అడిగేది. మరొకరికి లెక్కల సారు. ఇంకొకరికి ప్రతి నెలా మొదటి ఆదివారం బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చే మేనమామ. నాలుగో అతనికి పై తరగతి అన్న ఒకరు, రూపాయి కాయిన్ బాక్సు ఫోను దగ్గరికి వెంట తీసుకెళ్ళి ఊళ్ళో షాపుకు ఫోను చేయించి అమ్మను పిలిపించేవాడు. స్టేజీ మీద మేం సాంబారు గురించి చెప్పాం గానీ వీళ్ళ గురించి ఎన్నడూ చెప్పలేదు. నీళ్ళ సాంబారు మాకు ఉద్యోగాలు ఇప్పించలేదు. మా వెనక ఒక మనిషి ఉన్నారు. ఆ కుర్రవాడి వెనక ఎవరూ లేరు, ముందు మాత్రం మేం ఉన్నాం, పేరు పెట్టి పిలుస్తూ.

నూరు మంది పిల్లలకు ఒక వార్డెన్ సారు ఉంటారు. సరుకులు, బిల్లులు, హాజరు, ఆడిట్, మీటింగులు అన్నీ ఆయన మీదే. ప్రతి పిల్లవాడి మనసూ చూడమని ఆయనను అడగడం న్యాయం కాదు, మేం అడగడం లేదు. మేం అడుగుతున్నది ముందు మన అన్నలను. కొత్తగా వచ్చిన పిల్లలను పరీక్ష పెట్టి చూడటం, బట్టలు ఉతికించుకోవడం, పేర్లు పెట్టడం మనకు సరదా. "మాకూ చేశారు కదా" అంటారు. నిజమే, చేశారు, మేమూ చేశాం, దాని ఫలితం పైన రాశాం. ఆరో తరగతి పిల్లలు ఇద్దరికి తొమ్మిదో తరగతి అన్న ఒకరు చొప్పున పంచుకోండి. పెద్ద పనేమీ కాదు. రాత్రి పక్క వేసుకునేటప్పుడు పక్కన కూర్చుని "ఇంటి దగ్గర ఎట్లున్నారు?" అని అడగడం, పక్క తడిపితే నలుగురు లేవకముందే చాప తీసి ఆరేయించడం. పక్క తడపడం వాడి చేతిలో లేదు. తిడితే తగ్గదు, ఎక్కువవుతుంది.

వంటవాళ్ళు, కామాటీ, వాచ్‌మన్, వీళ్ళను వార్షికోత్సవం రోజున పళ్ళేలు మోయడానికి తప్ప మనం పిలవం. ఎవరు అన్నం వదిలేస్తున్నారో వంటమ్మకు తెలుస్తుంది. అర్ధరాత్రి ఎవరు వరండాలో కూర్చుంటున్నారో వాచ్‌మన్‌కు తెలుస్తుంది. వారానికోసారి వార్డెన్ సారు వీళ్ళతో పది నిమిషాలు కూర్చుంటే ఏ డాక్టరూ చెప్పలేని సంగతులు బయటికొస్తాయి. జ్వరం వస్తే సిక్ రిజిస్టరులో రాస్తాం. వరసగా నాలుగు రోజులు అన్నం తిననివాడి పేరు కూడా అందులో రాయవచ్చు కదా.

ప్రతి ఏడుపునూ జబ్బు అనుకోవాలని మేం అనడం లేదు. కొత్తలో ఇంటి మీద బెంగ ఉండాలి, లేకపోతేనే ఆలోచించాలి. పరీక్షల ముందు గుండె దడా అంతే. కొత్త బెంగ చాలామందిలో రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. నాలుగు వారాలు దాటినా తగ్గక, తిండి నిద్ర చెడి, బడికి వెళ్ళనంటే అది పెద్దవాళ్ళు చూడాల్సిన విషయం. బెంగళూరు నిమ్హాన్స్ వాళ్ళు 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక ఇబ్బంది ఉన్నట్టు తేలింది. ఆ లెక్కన నూరు మంది ఉన్న హాస్టల్లో ఒక బెంచీ నిండుతుంది. మనవాళ్ళకు మానసిక డాక్టరు అంటే "పిచ్చి డాక్టరు" అనే భయం. అయ్యా, పంటి నొప్పికి పళ్ళ డాక్టరు దగ్గరికి పోతే పిచ్చి అంటామా? 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అని 14416 నంబరు పెట్టింది. ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలను ఎవరైనా హింసిస్తుంటే 1098 ఉంది. ఈ రెండు నంబర్లూ నోటీసు బోర్డులో మెనూ పక్కన రాసి పెట్టాలి. మెనూను మాత్రం అందరూ చదువుతారు, అందుకని.

కొట్టడం గురించి ఒక్క మాట. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని 17వ సెక్షను బడిలో పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. మేం పెట్టిన ఆ పేరు కూడా వేధింపే. పెద్దవాళ్ళకు పనికిరాని పని అన్నలకు మాత్రం ఎట్లా పనికొస్తుంది?

ఇక సెలవులకు వెళ్ళి తిరిగి రానివాళ్ళ మాట. సంక్రాంతి తర్వాత పదిహేను రోజులు చూసి పేరు కొట్టేయడం ఎన్నో చోట్ల మామూలు వ్యవహారంగా సాగిపోయింది. ఆ పదిహేను రోజుల్లో ఒక్క మనిషి వాళ్ళ ఇంటికి వెళ్ళి ఉంటే ఎందరు తిరిగి వచ్చేవాళ్ళో. ఇది ఆఫీసు పని అని వదిలేయకుండా పూర్వ విద్యార్థులం మనం తీసుకోవచ్చు. మనలో సగం మందికి మోటారు సైకిళ్ళున్నాయి. తిరిగిరాని పిల్లల ఊళ్ళ పేర్లు వార్డెన్ సారు ఇస్తే మరుసటి ఆదివారమే వెళ్ళి రావచ్చు. తల్లిదండ్రులు గుంట గట్టు మీద ఉంటే అక్కడికే.

కవాయి పరిశోధనలో మేం పైన చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. పద్దెనిమిదేళ్ళకు ఇబ్బందుల్లో ఉన్న ఆ రెండు వంతుల వాళ్ళలో చాలామంది ముప్ఫై, నలభై ఏళ్ళు వచ్చేసరికి కుదుటపడ్డారట. కొందరు మళ్ళీ చదువుకున్నారు, కొందరికి మంచి తోడు దొరికింది, కొందరిని ఏదో ఒక సంఘం దగ్గరికి తీసుకుంది. మా వాడికి ఇప్పుడు నలభైకి దగ్గరలో ఉంటుంది. వాడి పిల్లలు ఏ తరగతిలో ఉన్నారో, అసలు బడికి వెళ్తున్నారో లేదో మాకు తెలియదు.

అందుకని వార్షికోత్సవ కమిటీకి మా విన్నపం ఇది. ఏటా ఆహ్వాన పత్రికలు పదో తరగతి పాసైనవాళ్ళ జాబితా చూసి పంపుతున్నాం. వచ్చే ఏడాది అడ్మిషన్ రిజిస్టరు చూసి పంపుదాం. మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళూ ఇక్కడ అన్నం తిన్నవాళ్ళే. చిరునామాలు పాతవి, పోస్టులో వేస్తే సగం తిరిగి వస్తాయి. చేతికే ఇవ్వాలి. ఏరూరు, వరగలి, మోమిడి వైపు ఊళ్ళు మేం నలుగురం చూసుకుంటాం. గూడూరు టౌను వైపు, కోట వైపు ఎవరు వెళ్తారో ఈ సంచిక అందిన వారంలో కమిటీకి చెప్పండి.